టుఖోల్‌స్కీ కోసం బెర్లిన్, రైన్స్‌బెర్గ్, మరియెఫ్రెద్: దేనికి ఎంత సమయం ఇవ్వాలి, ఎక్కడ దిగాలి

అసలు విషయం ముందే చెప్పేస్తాను. జర్మన్ రచయిత కుర్ట్ టుఖోల్‌స్కీ కోసం వెళ్ళేవాళ్ళు బెర్లిన్‌కి ఎక్కువ సమయం పెట్టుకోండి, ఆయన ప్రేమకథ జరిగే ఊరు రైన్స్‌బెర్గ్‌కి ఒక పగలు చాలు, స్వీడన్‌లో ఆయన సమాధి ఉన్న మరియెఫ్రెద్‌లో మాత్రం ఖర్చయినా సరే ఒక రాత్రి ఉండండి. చాలామంది నేరుగా రైన్స్‌బెర్గ్ వెళ్ళి, కోటా చెరువూ చూసి, ఆయన ఒక తీయని ప్రేమకథ రాసిన రచయిత అనుకుని తిరిగొచ్చేస్తారు. అది నాకు బాధగా ఉంటుంది. ఆయన ముందు జర్నలిస్టు, అదీ రాతతో యుద్ధం చేసిన జర్నలిస్టు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం. 1890 జనవరి 9న బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. లా చదివాడు, 1915లో డాక్టరేట్ వచ్చింది, అదే ఏడాది సైన్యంలోకి పట్టుకుపోయారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక వెల్ట్‌బ్యూనె అనే చిన్న వారపత్రికలో సైన్యం మీద, రాజకీయ హత్యలు చేసిన కుడిపక్షం వాళ్ళని తేలిగ్గా వదిలేసే జడ్జీల మీద, జాతీయవాదుల మీద వారం వారం రాశాడు. ఒక్కడే ఎక్కువ రాస్తున్నాడని తెలియకుండా ఇగ్నాత్స్ వ్రోబెల్, టేయోబాల్ట్ టీగర్, పేటర్ పాంటర్, కాస్పర్ హౌజర్ అని నాలుగు కలంపేర్లు పెట్టుకున్నాడు. కోపంగా రాయాల్సినవి వ్రోబెల్ రాసేవాడు, పాటలూ పద్యాలూ టీగర్‌వి. మన పత్రికల్లో కలంపేర్లు కొత్త కాదు గానీ, ఒక్కో పేరుకి ఒక్కో గొంతు ఇచ్చి అన్నేళ్ళు నడిపించడం మాటలు కాదు.

బెర్లిన్‌లో నేను మోఆబిట్‌లో దిగాను, మీరూ అక్కడే చూసుకోండి. ఆయన పుట్టిన ఇల్లు ల్యూబెకర్ ష్ట్రాసె 13 ఆ పేటలోనే ఉంది. లోపలికి వెళ్ళి చూసేదేమీ లేదు, మనుషులు కాపురం ఉంటున్న మామూలు అపార్ట్‌మెంట్, గోడ మీద ఒక ఫలకం, అంతే. అయినా వెళ్ళండి, ఎందుకంటే ఆయన బెర్లిన్ వీధి యాసలో రాసిన పద్యాలు ఏ మనుషుల నోటినుంచి వచ్చాయో ఇలాంటి పేటలో నడిస్తేనే అర్థమవుతుంది. సెంటర్‌తో పోలిస్తే గదులు తక్కువకి దొరుకుతాయి, మెట్రో దగ్గర, పక్కనే టుర్మ్‌ష్ట్రాసెలో టర్కీ, అరబ్బు కొట్లు ఉండటంతో శాకాహారులకి ఫలాఫెల్, రొట్టె, పళ్ళు, పెరుగు దేనికీ ఇబ్బంది లేదు. ఒకటే జాగ్రత్త, ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారం సాయంత్రానికే సరుకులు తెచ్చిపెట్టుకోవాలి. నేను దిగిన చోట గది శుభ్రంగా ఉంది కానీ లిఫ్ట్ లేదు, నాలుగో అంతస్తు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసేముందు ఇది తప్పకుండా అడగండి, పాత బిల్డింగుల్లో ఇది మామూలే.

బెర్లిన్ నడిబొడ్డున ఉన్న బేబెల్‌ప్లాట్స్ అనే కూడలి గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. 1933 మే 10 రాత్రి విద్యార్థులు పుస్తకాలు తగలబెట్టిన చోటు ఇది, అప్పట్లో ఓపెర్న్‌ప్లాట్స్ అనేవారు, యూనివర్సిటీకి ఎదురుగానే. ఒక్కో రచయిత పేరు గట్టిగా చదివి పుస్తకాలు మంటల్లో వేశారు. టుఖోల్‌స్కీ పేరు, ఆయన తర్వాత వెల్ట్‌బ్యూనె ఎడిటర్ అయిన కార్ల్ ఫాన్ ఒసియెట్‌స్కీ పేరు ఆ రాత్రి కలిపి చదివారు. ఇప్పుడక్కడ నేలలో ఒక గాజు పలక, దాని కింద ఖాళీ తెల్లటి పుస్తకాల అరలు, 20,000 పుస్తకాలకి సరిపడా. ఇజ్రాయెల్ కళాకారుడు మీఖా ఉల్మాన్ చేసింది, 1995 నుంచి ఉంది. టికెట్ లేదు, సెక్యూరిటీ లైను లేదు. పగలు వెళితే గాజు మీద ఆకాశం తప్ప ఏమీ కనపడదు, టూర్ గ్రూపులు ఫోటో తీసుకుని రెండు నిమిషాల్లో వెళ్ళిపోతాయి. చీకటి పడ్డాక వెళ్ళండి, లోపల దీపం వెలుగులో ఖాళీ అరలు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ మొత్తం యాత్రలో డబ్బు పెట్టకుండా చూసినదాంట్లో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

అక్కడినుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో, ఒరానియెన్‌బుర్గర్ ష్ట్రాసె దగ్గర, ఆయన పేరుతో వీధి ఉంది. 1951 దాకా దాని పేరు ఆర్టిలరీ వీధి, ఫిరంగిదళం వీధి అన్నమాట. సైనికులు హంతకులు అని 1931లో అచ్చులో రాసిన మనిషి పేరు ఆ వీధికి పెట్టారు. ఆ ఒక్క వాక్యానికి ఎడిటర్‌గా ఒసియెట్‌స్కీ మీద కేసు పెట్టారు, 1932లో కోర్టు కొట్టేసింది. అప్పటికి టుఖోల్‌స్కీ స్వీడన్‌లో ఉన్నాడు, విచారణకి బెర్లిన్ రాలేదు, వస్తే నాజీలు ప్రాణాలతో వదలరని భయం. ఆ రాకపోవడం తర్వాత ఆయన్ని చాలా వేధించింది. నేనైతే ఆయన్ని తప్పుపట్టలేను. వేరే కేసులో శిక్ష పడి జైలుకి వెళ్ళివచ్చిన ఒసియెట్‌స్కీని 1933లో నాజీలు మళ్ళీ పట్టుకుని నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. ఆయనకి 1935 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, 1938లో చనిపోయాడు. సమాధి బెర్లిన్ ఉత్తరాన నీడర్‌షోన్‌హౌజన్‌లో ఉంది, ఓపిక ఉంటే సగం పూట దానికి పెట్టండి, టుఖోల్‌స్కీ కథ ఆయన లేకుండా పూర్తి కాదు.

ఇక రైన్స్‌బెర్గ్. బెర్లిన్‌కి ఉత్తరాన చిన్న ఊరు, తర్వాత ప్రష్యా రాజైన ఫ్రెడరిక్ యువరాజుగా ఉన్నప్పుడు ఇక్కడి కోటలో ఉన్నాడు, 1736 నుంచి 1740 దాకా. టుఖోల్‌స్కీ స్నేహితురాలు ఎల్జె వైల్‌తో ఇక్కడికి సరదాగా వచ్చి, ఆ వారాంతం మీద 1912లో చిన్న పుస్తకం రాశాడు, అది బాగా అమ్ముడుపోయింది. కోటలో ఆయన పేరుతో సాహిత్య మ్యూజియం ఉంది, బాగుంది, శ్రద్ధగా పెట్టారు, కానీ జర్మన్ రాకపోతే సగం అందదు, ఫోన్‌లో అనువాదం యాప్ దించుకుని వెళ్ళండి. ఊళ్ళో అమ్మే కార్డుల మీద మాత్రం అంతా ప్రేమజంట, పడవ, చెరువు. ఆ ఎల్జె తర్వాత డాక్టరయింది, 1920లో ఆయన్ని పెళ్ళి చేసుకుంది, కొన్నాళ్ళకి విడిపోయారు. 1942లో ఆమెను ఫ్రాన్స్ నుంచి నాజీల ఔష్విట్స్ శిబిరానికి తీసుకెళ్ళి చంపేశారు. ఇది తెలిశాక ఆ పడవ బొమ్మ కార్డు కొనబుద్ధి కాలేదు.

వెళ్ళడానికి లోకల్ రైళ్ళు చాలు. జర్మనీలో చదువుకుంటున్న మనవాళ్ళ దగ్గర ఎలాగూ నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటుంది (2025లో 58 యూరోలు), అందులోనే వచ్చేస్తుంది. దారిలో రైలు మారాలి, తిరుగు రైలు టైము మాత్రం బయల్దేరేముందే చూసుకోండి, చివరిది పోతే టెన్షనే. ఒక రాత్రి ఉందామని నేను తీసుకున్న గెస్ట్‌హౌస్‌లో సాయంత్రం ఆరింటికే రిసెప్షన్ మూసేశారు, తాళం పెట్టె కోడ్ పంపుతామన్నారు, పంపలేదు, బయట వానలో చాలాసేపు నిలబడ్డాను. పొద్దున టిఫిన్ బాగానే పెట్టారు కానీ ఆ అనుభవంతో చెబుతున్నాను, పొద్దున వెళ్ళి సాయంత్రానికి బెర్లిన్ వచ్చేయండి.

మరియెఫ్రెద్‌కి స్టాక్‌హోమ్ నుంచి రైల్లో లెగ్గెస్తా దిగి, అక్కడ బస్సు ఎక్కాలి, మొత్తం గంట లోపే. వేసవిలో అయితే 1903 నాటి ఆవిరి ఓడ కూడా నడుస్తుంది, ఇప్పటికీ బొగ్గుతోనే. సమయం ఉంటే వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు రైలు. స్వీడన్ కరెన్సీ వేరైనా నగదు అవసరం పడదు, కార్డు చాలు. షెంగెన్ వీసా ఒకటే రెండు దేశాలకీ పనికొస్తుంది. స్టాక్‌హోమ్ హాస్టళ్ళలో దుప్పటికి విడిగా వసూలు చేసేవి ఉన్నాయి, చూసుకోండి. మరియెఫ్రెద్‌లో గది ఖరీదే, అయినా సాయంత్రం రైలుకి అందరూ వెళ్ళిపోయాక ఆ ఊరు మీదవుతుంది.

సమాధి ఊరి శ్మశానంలో ఓక్ చెట్టు కింద ఉంది. 1933లో నాజీలు ఆయన జర్మన్ పౌరసత్వం తీసేశారు. అనారోగ్యంతో, ఒంటరిగా, దాదాపు రాయడం మానేసి బతికాడు. 1935 డిసెంబర్ 21న నిద్రమాత్రలు ఎక్కువై చనిపోయాడు, కావాలనేనా పొరపాటా అన్నది ఇప్పటికీ తేలలేదు. 46 కూడా నిండలేదు. తల్లి 1943లో తెరెజీన్‌ష్టాట్ శిబిరంలో పోయింది. రాతి మీద జర్మన్ కవి గ్యేటె పంక్తి చెక్కారు, నాకది నప్పినట్టు అనిపించలేదు. ఇక్కడ ఒక బంగారు మనసు, ఒక ఇనుప నోరు పడుకున్నాయి అని ఆయనే ఎప్పుడో సరదాగా రాసుకున్నాడు, అదే చెక్కి ఉండాల్సింది.

స్వీడన్‌లోని పెన్ అనే రచయితల సంస్థ టుఖోల్‌స్కీ పేరుతో, వేధింపులకి గురైన రచయితలకి ఒక బహుమతి ఇస్తుంది. 1992లో సల్మాన్ రష్దీకి, 1994లో తస్లీమా నస్రీన్‌కి వచ్చింది. ఆ తస్లీమా మీద 2007 ఆగస్టులో మన హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లోనే, తన పుస్తకం తెలుగు అనువాదం విడుదల సభలో, దాడి జరిగింది. ఆ సమాధి ముందు నిలబడినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే, సిగ్గుగా కూడా అనిపించింది.

పక్కనే గ్రిప్స్‌హోల్మ్ కోట ఉంది, 1537లో మొదలుపెట్టి కట్టారు, లోపల దేశం మొత్తం పెద్దమనుషుల చిత్రాల సేకరణ. బాగుంటుంది, కానీ చలికాలంలో ఎక్కువ రోజులు మూసి ఉంటుంది, ఓడ కూడా ఉండదు. కాబట్టి జూన్ నుంచి ఆగస్టు మధ్యలో పెట్టుకోండి, గది మాత్రం చాలా ముందే బుక్ చేసుకోండి.