చేతికి నికరంగా మిగిలే గ్రాంటు ఎంత? మూడు విడతల అనుభవంతో ఒక సమీక్ష

పిల్లల కోసం వారానికి రెండు రోజులు ఉచిత పఠనాలయం నడిపే మా స్వచ్ఛంద బృందం, ఇప్పటివరకు ఒకే దాతృత్వ సంస్థ నుంచి మూడుసార్లు చిన్న గ్రాంటు తీసుకుంది. మూడు దరఖాస్తులూ రాసినదాన్ని, ఖర్చుల పద్దు చూసినదాన్ని, చివరి నివేదికలు పంపినదాన్ని నేనే కనుక, ఆ సేవ ఎలా ఉందో మాలాంటి బృందాలకు పనికొచ్చేలా చెప్పాలని ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. ఇక్కడ నేను ఎంచే గుణదోషాలు చిన్న గ్రాంట్లు ఇచ్చే చాలా కార్యక్రమాలలో కనిపించేవే.

ముందుగా నా కొలమానం చెబుతాను. ప్రాజెక్ట్ స్ట్రీమ్‌లైన్ అనే అమెరికా బృందం దరఖాస్తుల భారం మీద 2008లో వెలువరించిన నివేదికలో ‘నికర గ్రాంటు’ అనే భావన ఉంది. మంజూరైన మొత్తంలోంచి, ఆ డబ్బును సంపాదించడానికీ దాని లెక్క అప్పగించడానికీ అయిన ఖర్చును తీసేస్తే మిగిలేదే నికర గ్రాంటు. పెద్ద సంస్థలకు ఆ ఖర్చు జీతాల రూపంలో పద్దులో కనిపిస్తుంది. స్వచ్ఛంద బృందాలలో అది ఎక్కడా నమోదు కాదు. ఉద్యోగం ముగించుకుని వచ్చిన మనిషి రాత్రి కూర్చుని ఫారాలు నింపితే, ఆ గంటలు పఠనాలయంలో పిల్లల పక్కన కూర్చోవలసిన గంటలలోంచే పోతాయి. అందువల్ల గ్రాంటు ఎంత చిన్నదైతే దాని చుట్టూ ఉండే కాగితాల పని అంత చిన్నదిగా ఉండాలన్నది నా దృష్టిలో ఈ సేవకు మొట్టమొదటి పరీక్ష.

ఆ పరీక్షలో మేము చూసిన సంస్థ మొదటి ఏడాది తప్పింది. పుస్తకాల అరలు, చాపలు, రెండు దీపాలు కొనడానికి అడిగిన మొత్తానికి వాళ్లు పంపిన ఫారం, అంతకు ఎన్నో రెట్లు పెద్ద గ్రాంట్లకు వాడేదే. ప్రతి వస్తువుకూ మూడు కొటేషన్లు, కార్యవర్గ తీర్మానం నకలు, గడచిన రెండేళ్ల ఆడిట్ లెక్కలు, ‘ఆశించిన ఫలితాలను కొలిచే సూచికలు’ అంటూ ఒక పట్టిక జతచేయాలి. చాపకు ఫలిత సూచిక ఏమని రాయాలో ఆలోచిస్తూ మా కార్యదర్శీ నేనూ ఒక సాయంత్రమంతా గడిపాం. దీనికి పూర్తిగా రెండో కొసన ఉన్న పద్ధతి 2009లో బోస్టన్‌లో మొదలైన ఆసమ్ ఫౌండేషన్‌ది. అక్కడ ఒక్కో శాఖలో సాధారణంగా 10 మంది సభ్యులు తలా 100 డాలర్లు వేసుకుని, అలా పోగైన 1,000 డాలర్లను తమకు నచ్చిన ఒక ఆలోచనకు షరతులేవీ లేకుండా ఇచ్చేస్తారు. దరఖాస్తు పొట్టిగా ఉంటుంది, సంస్థగా నమోదు కాని వ్యక్తులూ అడగవచ్చు. ఇతరుల డబ్బు పంచే సంస్థ అంత సడలింపు ఇవ్వజాలదని నాకు తెలుసు, ఇవ్వాలనీ అనను. అయితే ఈ రెండు కొసల మధ్య బోలెడంత చోటు ఉంది. ఈ సంస్థ రెండో ఏడాది నుంచి చిన్న మొత్తాలకు రెండు పేజీల ఫారం విడిగా పెట్టి, ఆ చోటును గుర్తించింది. మూడోసారి దరఖాస్తు ఒక్క పూటలో పూర్తయింది.

ఇక డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్నది. ఈ సేవలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. మొదటి విడతలో నియమం ఏమిటంటే, ముందు మేమే ఖర్చుపెట్టి, రసీదులు పంపితే, పరిశీలించిన తరువాత సొమ్ము తిరిగి చెల్లిస్తారు. నిల్వ ధనం ఉన్న సంస్థకు ఇది పెద్ద విషయం కాదు. చేతిలో ఏమీ లేకనే కదా మేము గ్రాంటు అడిగింది! చివరికి మా కోశాధికారి తన సొంత డబ్బు పెట్టారు. ఆ సొమ్ము తిరిగి రావడానికి పట్టిన నెలలలో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు, కానీ సమావేశంలో ఆయన ఎదురుగా కూర్చున్న ప్రతిసారీ నాకు తల వంగిపోయేది. అప్పు ఇవ్వగల సభ్యుడు లేని బృందం ఇలాంటి గ్రాంటును మంజూరయ్యాక కూడా వాడుకోలేదు. అంటే నియమం రాసినవారు కోరకుండానే, సాయం అన్నిటికంటే అవసరమైన వాళ్లను ఆ నియమం గడప బయటే ఆపేస్తుంది. ఈ విషయం మేము నివేదికలో దాచకుండా రాశాం. రెండో విడత నుంచి ఎక్కువ భాగం ముందుగానే జమచేసి, మిగతాది లెక్కలు అందాక ఇచ్చారు. చెప్పిన మాట విని పద్ధతి మార్చుకున్నందుకు వాళ్లను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

దేనికి ఖర్చుపెట్టవచ్చన్న విషయంలో మాత్రం మూడేళ్లలోనూ మార్పు లేదు. కొత్త వస్తువులు కొనవచ్చు. అద్దె, కరెంటు బిల్లు, బీమా, వాలంటీర్ల ప్రయాణ ఖర్చు పనికిరావు. దాతలకు కంటికి కనిపించే వస్తువు మీద మక్కువ ఉండటం సహజమే. కానీ దీపాలు కొనడానికి డబ్బిచ్చి, వాటిని వెలిగించడానికి ఇవ్వకపోతే పఠనాలయం నడవదు. ప్రయాణ ఖర్చు ఇవ్వకపోవడం వల్ల జరిగే నష్టం ఇంకా లోతైనది. సొంత ఖర్చుతో రాగలవాళ్లే వాలంటీర్లుగా మిగులుతారు, పిల్లల ఇళ్ల పరిస్థితి బాగా తెలిసిన అమ్మలూ అక్కలూ నెమ్మదిగా రావడం మానేస్తారు. మా దగ్గర జరిగింది అదే.

వాలంటీర్ల శ్రమకు విలువ కట్టడంలో అమెరికాలోని సియాటిల్ నగరపాలన 1988లో ప్రారంభించిన నైబర్‌హుడ్ మ్యాచింగ్ ఫండ్ నాకు ఆదర్శంగా కనిపిస్తుంది. ఆ పథకంలో నగరం ఇచ్చే డబ్బుకు తోడుగా బృందం తన వాటా చూపాలి, అయితే ఆ వాటాను నగదుగానే కాక వాలంటీర్లు పనిచేసిన గంటలుగా, ఉచితంగా వచ్చిన సామగ్రిగా కూడా చూపవచ్చు. మాకు గ్రాంటు ఇచ్చిన సంస్థ కూడా వాటా అడిగింది గానీ నగదును మాత్రమే లెక్కలోకి తీసుకుంది. వారానికి రెండు రోజులు ఎనిమిది మంది చేసిన పనికి ఆ పట్టికలో ఒక్క గడి కూడా లేదు.

నివేదికల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఒకటిన్నర పేజీ, రసీదులు, నాలుగు ఫొటోలు, అంతే. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు కావాలని పట్టుబట్టడం ఒక్కటే నాకు నచ్చలేదు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పంపలేమని మేము చెప్పినప్పుడు, పుస్తకాల అరల ఫొటోలతో సరిపెట్టుకున్నారు. మూడో విడతలో రాతపూర్వక నివేదికకు బదులు అరగంట ఫోన్‌లో మాట్లాడినా చాలన్నారు. నాకు రాయడం అలవాటు కాబట్టి రాసే పంపాను, కానీ రాతకు జంకే బృందాలకు ఇది ఎంత మేలో ఊహించగలను. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ద్వారా 1992 నుంచి నడుస్తున్న, పర్యావరణ పనులకు చిన్న గ్రాంట్లు ఇచ్చే జీఈఎఫ్ (గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ) స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రామ్ స్థానిక భాషల్లోనూ, కొన్నిచోట్ల వీడియో రూపంలోనూ ప్రతిపాదనలు తీసుకున్నది ఇందుకే. చక్కగా రాయగలవాడి దరఖాస్తు మాత్రమే గెలిచే పోటీలో చక్కగా పనిచేసేవాడు ఓడిపోవచ్చు.

డబ్బు కాక ఈ గ్రాంటు వల్ల మాకు దక్కిన మేలు కూడా లెక్కలో వేయాలి. మొదటి మంజూరు పత్రం వచ్చేదాకా మా బృందానికి విడిగా బ్యాంకు ఖాతా లేదు, చందాలు ఒక సభ్యురాలి ఖాతాలోనే ఉండేవి. నియమం ప్రకారం ఉమ్మడి ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు తీసేలా ఏర్పాటు చేసుకున్నాం. సమావేశాల మినిట్స్ పుస్తకం కూడా అప్పుడే మొదలైంది. మంజూరు పత్రం చూపించాకే మాకు గది ఇచ్చిన యజమాని ఒప్పందాన్ని నోటిమాట నుంచి కాగితం మీదికి తెచ్చారు. మరో ఇద్దరు దాతలు ముందుకు రావడానికీ ఆ పత్రమే కారణమని వాళ్లే చెప్పారు.

ఈ సేవ వాడుకోదలచినవాళ్లకు నాకు తోచిన మాటలు రెండున్నాయి. దరఖాస్తు రాయకముందే సంస్థ కార్యాలయానికి ఫోన్ చేసి, డబ్బు ముందుగా ఇస్తారా, ఖర్చయ్యాక ఇస్తారా అని అడగండి. రెండోదైతే, అప్పు ఎవరు పెడతారో, ఎన్ని నెలలు ఆగగలరో సమావేశంలో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి. మీ బృందం ఇంకా నమోదు కాకపోతే, నమోదైన మరో సంస్థ మీ తరఫున గ్రాంటు స్వీకరించి లెక్క చూపే వీలుందేమో కూడా అడగండి. ఆ వీలు చాలాచోట్ల ఉంటుంది, ప్రకటనలో మాత్రం కనిపించదు. అలాంటి ఏర్పాటుకు రెండు వైపులా సంతకాలున్న ఒప్పంద పత్రం తప్పనిసరి.

నాలుగో విడతకు మేము మళ్లీ ఇదే సంస్థకు దరఖాస్తు చేస్తున్నాం. ఈసారి బడ్జెట్ పట్టికలో వాలంటీర్ల ప్రయాణ ఖర్చును మొదటి వరుసలోనే రాశాను, అనుమతించే ఖర్చులలో అది లేదని తెలిసే. మొదటి ఏడాది ఫారం గురించీ, ముందస్తు చెల్లింపు గురించీ మేము రాసింది వాళ్లు చదివారు. ఈ వరుసనూ చదువుతారని నమ్ముతున్నాను.