నల్లకోటు కుట్టించుకోవాలనుకునే జూనియర్లకు: మదీనా దగ్గరి మాస్టర్ గురించి

హైదరాబాద్‌లో లాయర్లుగా కొత్తగా ఎన్‌రోల్ అయిన పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే, కోటు ఎక్కడ కుట్టించారక్కా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ వివరంగా రాసేస్తున్నా. నేను 2015 నుంచి ప్రాక్టీసులో ఉన్నాను. ఎక్కువగా హైకోర్టు, కొన్ని కేసులు పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టులో. ఇన్నేళ్లలో నాలుగు కోట్లు వేశాను, వాటిలో మూడు ఈ దర్జీ మాస్టర్ కుట్టినవే.

షాపు పేరు, ఫోన్ నంబరు రాయొద్దని మాస్టరే చెప్పారు. ఇప్పటికే చేతినిండా పని ఉంది, ఇంకా వస్తే చెప్పిన టైముకి ఇవ్వలేను అన్నారు. అందుకని గుర్తులే చెప్తాను. హైకోర్టు దగ్గర్నుంచి మదీనా చౌరస్తా వైపు నడుస్తుంటే వచ్చే సందుల్లో ఒకటి, కింద జిరాక్స్ షాపు, దాని పక్కనుంచి ఇరుకు మెట్లు, పైన ఒకే గది. దొరక్కపోతే ఏ గుమాస్తానైనా 'కోటు మాస్టర్' అని అడగండి, చెయ్యి పెట్టి చూపిస్తారు.

నా మొదటి కోటు రెడీమేడ్. ఒక మాల్‌లో కొన్నాను, 1,900 రూపాయలు. అప్పట్లో నాకు సీనియర్ ఆఫీసులో ఇచ్చేది నెలకు ఐదు వేలు, అది కూడా మొదటి ఆరు నెలలు లేదు. మూడు ఉతుకులకే కాలర్ దగ్గర లోపల అతికించిన గుడ్డ ఊడిపోయి బుడగలు లేచాయి. ఆడవాళ్ల కోటు కదా, జేబుల్లేవు, జేబులున్నట్టు పైన పట్టీ కుట్టారంతే. ఫోను, పెన్ను, మెడకి కట్టుకునే తెల్ల బ్యాండు, కేస్ నంబర్లు రాసుకున్న చిన్న కాగితం, అన్నీ చేతిలోనే. లోపల నిండుగా పాలిస్టర్ లైనింగ్. ఏప్రిల్‌లో జిల్లా కోర్టుల్లో పనిచేసేవాళ్లకు కోటు లేకపోయినా పరవాలేదు, బార్ కౌన్సిల్ రూల్‌లోనే ఎండాకాలం మినహాయింపు ఉంది. హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ ఆ మినహాయింపు లేదు, పైగా కోటు మీద వేసుకునే నల్ల గౌను తప్పనిసరి. బస్సు దిగి నడిచి కోర్టు హాల్లోకి వెళ్లేసరికి ఆ లైనింగ్ వీపుకి తడిగుడ్డలా అంటుకుపోయేది. ఆ స్థితిలో లేచి నిలబడి మాట్లాడాలంటే మాట మీద ధ్యాస ఎక్కడ నిలుస్తుంది చెప్పండి.

మా ఆఫీసు గుమాస్తా గారు నా అవస్థ చూసి ఈ మాస్టర్ దగ్గరికి పంపించారు. వెళ్లగానే టేపు తియ్యలేదాయన. 'ఏ కోర్టమ్మా? బండి మీద వస్తావా, బస్సులోనా? ఫైళ్లు ఏ చేత్తో పట్టుకుంటావు?' అని అడిగారు. ఆ తర్వాత బల్ల కింద నుంచి రెండు పాత కేస్ బండిళ్లు తీశారు, ఎర్ర తాడు కట్టినవి, ఎవరో వదిలేసి వెళ్లిన జిరాక్స్ కాపీలు. ట్రయల్‌కి వచ్చిన ప్రతివాళ్ల చేతా ఆ రెండూ ఎడమ చేతి మీద పట్టించి, కుడి చెయ్యి పైకెత్తమంటారు, కోర్టులో మెన్షన్ చేసేటప్పుడు, అంటే కేసు త్వరగా వినమని జడ్జిని అడిగేటప్పుడు, ఎత్తినట్టు. అప్పుడు చంక దగ్గర పట్టేస్తుందా, వెనకాల వీపు లాగుతుందా, ముందు గుండీ దగ్గర నోరు తెరుచుకుంటుందా అని మూడు పక్కలా తిరిగి చూసి చాక్‌తో గీత పెడతారు. అద్దం ముందు నిటారుగా నిలబెట్టి కొలతలు తీసే దర్జీల్ని చాలామందిని చూశాను, లాయర్ నిజంగా ఎలా నిలబడతాడో చూసి కుట్టేది ఈయనొక్కరే.

క్లాత్ విషయంలో ఆయన మాట వినండి. మెరిసే బట్ట వద్దంటారు, నాలుగు నెలలకే మోచేతుల దగ్గర తెల్లబడుతుందని. లైనింగ్ భుజాలకీ చేతులకీ మాత్రమే వేసి, వీపు వదిలేస్తారు, గాలి ఆడుతుంది. లోపల రెండు జేబులు, ఒకటి ఫోనుకి, ఇంకోటి పొడుగ్గా బ్యాండు మడత పడకుండా పెట్టుకోవడానికి. బయట రెండు, నిజంగా చెయ్యి పట్టేవి. పక్క కుట్ల లోపల రెండేసి అంగుళాల బట్ట వదులుతారు. ఎందుకంత అని మొదటిసారి అడిగితే 'ముందు ముందు పనికొస్తుందమ్మా' అన్నారంతే.

అది నిజంగానే పనికొచ్చింది. 2018 డిసెంబర్‌లో నాకు ఐదో నెల. గుండీ పట్టక కోటు వదులు చేయించుకుందామని వెళ్తే మెట్ల మీద దాకా లాయర్లు నిలబడి ఉన్నారు. 26న నోటిఫికేషన్ వచ్చింది, జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కి వేరే హైకోర్టు అని. చేతిలో ఐదారు రోజులే. ఎవరు వెళ్తారు, ఎవరుంటారు, ఏ ఫైళ్లు అటు, ఏవి ఇటు, పిల్లల స్కూళ్ల సంగతేంటి, ఇల్లు ఖాళీ చెయ్యాలా, అదే మాట ఆ మెట్ల మీద అందరి నోటా. ఉన్న గౌన్లు బాగు చేయించుకుని వెళ్లిపోదామని వచ్చారు వాళ్లంతా. నాతో మూడేళ్లు పక్క బల్ల మీద కూర్చున్న స్నేహితురాలు కూడా ఉంది. వాళ్లాయన ఉద్యోగం గచ్చిబౌలిలో, తన కేసులన్నీ గుంటూరు, కృష్ణా జిల్లాలవి. వెళ్లింది. శుక్రవారం రాత్రి రైలెక్కి ఇక్కడికి, ఆదివారం రాత్రి మళ్లీ అక్కడికి, ఇప్పటికీ అంతే. ఆ రోజు మాస్టర్ ఒక మాట చెప్పారు, 1956లో ఆంధ్ర హైకోర్టు గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చి కలిసినప్పుడు కోస్తా వకీళ్లు కొత్తగా ఊరికి వచ్చి ఇదే గదిలో వాళ్ల నాన్నగారి దగ్గర కోట్లు కుట్టించుకున్నారట. 'నాన్న వాళ్లని రమ్మన్నాడు, నేను పంపిస్తున్నా' అని మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టారు. రాత్రి పదకొండు దాటినా ఒక్కరిని కూడా రేపు రమ్మనలేదు. నా కోటు ఆ రోజు ఒకసారి, ఫిబ్రవరిలో మరోసారి వదులు చేశారు. పాప ఏప్రిల్‌లో పుట్టింది, ఆ ఏడాది చివర్లో మళ్లీ అదే కోటు బిగించి ఇచ్చారు. మూడు సార్లకీ కలిపి తీసుకున్నది 300 రూపాయలు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. 2017లో పెళ్లయిన కొత్తలో అద్దె ఇంటి కోసం విద్యానగర్, బర్కత్‌పురా అంతా తిరిగాం. మా ఆయన సాఫ్ట్‌వేర్ అనగానే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చిన ఓనర్లు, నేను అడ్వకేట్ అని తెలియగానే 'మా చుట్టాలకి మాటిచ్చామమ్మా' అనేవాళ్లు. ఏడిళ్లు అలాగే అయ్యాయి. లాయర్‌కి ఇల్లిస్తే ఖాళీ చెయ్యరని జనంలో ఒక భయం. క్రెడిట్ కార్డుకి అప్లై చేస్తే ఒక బ్యాంకు వాళ్లు నా వృత్తి చూసి పక్కన పెట్టేశారు. దాంతో ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు కోటు విప్పి నాలుగు మడతలు పెట్టి స్కూటీ డిక్కీలో కుక్కేసేదాన్ని. ఒక రోజు గుండీ కోసం మాస్టర్ దగ్గరికి వెళ్తే కాలర్ మీద విరిగిన గీత చూసి, 'ఇది కూర్చుంటే వచ్చింది కాదు, దాచిపెడితే వచ్చింది, ఎందుకు దాస్తున్నావమ్మా' అన్నారు. చెప్పాను. ఆయనేమీ అనలేదు. కోటు తీసుకుని ఒక భుజాన్ని లోపలికి తిప్పి రెండో భుజంలో దూర్చి, లైనింగ్ బయటికి వచ్చేలా మడిచి చూపించారు. అలా మడిస్తే ముందు భాగం నలగదు. ఇప్పటికీ అలాగే మడుస్తున్నా, మా ఆఫీసులో జూనియర్లందరికీ నేర్పించా.

ఆయన దగ్గర కొలతల పుస్తకాలున్నాయి, అట్ట చిరిగిన పాత రిజిస్టర్లు. ఒక్కో వకీలుకి ఒక్కో పేజీ, ఏడాది వెంట ఏడాది. లాయర్లం మధ్యాహ్నం రెండింటికి కానీ తినం, సాయంత్రం కోర్టు అయ్యాక సీనియర్ ఆఫీసు, రాత్రి మరుసటి రోజు కాజ్ లిస్టు (ఆ రోజు విచారణకి వచ్చే కేసుల జాబితా) చూసుకుని ఏ ఐటమ్ ఏ కోర్టు హాల్లో అని రాసుకుంటే కానీ నిద్ర పట్టదు. అన్నం తింటూ లంచ్ మోషన్ (అదే రోజు వినమని వేసే అర్జెంటు పిటిషన్) డ్రాఫ్ట్ చేసిన రోజులున్నాయి, ఆదివారం హౌస్ మోషన్ (సెలవు రోజు జడ్జి గారింట్లో అర్జెంటు విచారణ) ఉందని పాప పుట్టినరోజు మధ్యలో వెళ్లిపోయిన రోజు కూడా ఉంది. ఇవన్నీ ఆ రిజిస్టర్లలో అంకెల్లా పడతాయి. 'ఐదో ఏడు నడుం పెరుగుతుంది, పదో ఏడు భుజం దిగుతుంది' అంటారాయన. నాకు 2023లో మూడో కోటు కుట్టేటప్పుడు రెండు భుజాలూ విడివిడిగా కొలిచి, ఎడమది అర అంగుళం కిందికి ఉందన్నారు. పాత పేజీ తిప్పి చూపించారు, 2015లో రెండూ సమానమే. ఎనిమిదేళ్లు ఫైళ్ల సంచి మోసిన పక్క అది. ఆ పక్క లోపల కాస్త దళసరి ప్యాడ్ వేసి సరిచేశారు, వేసుకుంటే తేడా తెలియదు. కానీ ఆ రాత్రి ఇంటికెళ్లాక అద్దం ముందు చాలాసేపు నిలబడిపోయాను. మర్నాడే ఫిజియోథెరపీకి వెళ్లాను, ఇప్పుడు చక్రాల బ్యాగ్ లాక్కెళ్తున్నా. మీరూ మొదటి ఏడాది నుంచే ఆ బ్యాగ్ కొనుక్కోండి.

ఇక బాగోలేనివి. చెప్పిన రోజుకి ఇవ్వరు. పది రోజులంటే పదిహేను, పద్దెనిమిది అనుకోండి. ఒకసారి నా గౌను చివరి రోజుకి అందక, వేరేవాళ్ల గౌను అడిగి వేసుకుని ఆర్గ్యుమెంట్స్ చెప్పాల్సి వచ్చింది, ఆ గౌను చేతులు వేళ్ల దాకా దిగిపోయి పేజీలు తిప్పలేకపోయాను, ఆ కోపం నాకు చాన్నాళ్లు పోలేదు. ట్రయల్ రూమ్ లేదు, మూలన పరదా కట్టారంతే. అమ్మాయిలు మొదటిసారి తోడుగా ఎవరినైనా తీసుకెళ్తే ఇబ్బంది ఉండదు, నేను మాత్రం ఏ రోజూ ఇబ్బంది పడలేదు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం. బ్యాండ్లు ఇక్కడ కొనకండి, రెండు ఉతుకులకే గంజి పోయి వేలాడతాయి.

రేట్లు: క్లాత్‌తో కలిపి కోటు 4,200, క్లాత్ మనమిస్తే కుట్టుకూలి 2,400, గౌను 1,500. రెడీమేడ్ కంటే ఎక్కువే, ఒప్పుకుంటాను. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలు దాటకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పాక ఆ భారం చాలా తగ్గింది, కానీ కోటు, గౌను, పుస్తకాలు, తిరగడానికి ఖర్చులు అలాగే ఉన్నాయి. అదే ఏడాది అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో జూనియర్లకి నెలకు కనీసం 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసు మాత్రమే. సీనియర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఇవ్వండి. ఐదు వేలతో ఈ ఊళ్లో హాస్టల్ ఫీజు కూడా కట్టలేరు, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోలేని పిల్లలు మంచి బుర్ర ఉండి కూడా రెండేళ్లకే ప్రాక్టీసు వదిలేసి వెళ్లిపోతున్నారు, నా కళ్ల ముందే నలుగురు వెళ్లారు. మాస్టర్ మాత్రం మొదటి ఏడాది జూనియర్ అంటే నాలుగు వాయిదాల్లో తీసుకుంటారు, వాళ్ల పేర్లు వేరే చిన్న పుస్తకంలో రాసుకుంటారు. నేనూ అలాగే కట్టాను. గడువు దాటినా ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు.

రాజేంద్రనగర్‌లో వంద ఎకరాల్లో కొత్త హైకోర్టుకి 2024 మార్చిలో శంకుస్థాపన అయింది కదా, అక్కడికి మారితే మీరేం చేస్తారని మొన్న అడిగాను. 1920 నుంచి కోర్టు ఆ మూసీ ఒడ్డునే ఉంది, దాన్ని నమ్ముకుని ఇలాంటి గదులు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఆయనకి అరవై ఐదు దాటాయి. 'అంత దూరం నేనెక్కడ వస్తానమ్మా, మీరే శనివారాలు రండి' అన్నారు. సిటీ సివిల్ కోర్టు వాళ్లకి ఎలాగూ దగ్గరే, మిగతావాళ్లం ఎలా వెళ్తామో చూడాలి. నేనైతే వెళ్తాను.

వెళ్లేటప్పుడు మీరు రోజూ మోసే సంచి కూడా తీసుకెళ్లండి, భుజాన వేయించి చూస్తారు. శనివారం సాయంత్రం ఆరు తర్వాత తీరిగ్గా మాట్లాడతారు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా నమాజుకి మూసి ఉంటుంది. రంజాన్ చివరి రెండు వారాలు కొత్త ఆర్డర్లు తీసుకోరు, గుండీలు మాత్రం కుట్టిస్తారు.