డార్ట్, డెసి, పేపర్ స్ప్రే: అతి స్వల్ప ఆనవాళ్లు పట్టడానికి ఏది మేలు?

శాంపిల్‌ను వాక్యూమ్‌లోకి పంపకుండా, గాలిలోనే అయాన్లుగా (విద్యుదావేశం ఉన్న కణాలుగా) మార్చి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు (అణువుల ద్రవ్యరాశిని కొలిచే యంత్రానికి) అందించే పద్ధతుల్లో ఈ మూడూ ముఖ్యమైనవి. ఏది ఎక్కువ సున్నితం అన్న లెక్క మీద ఎంచుకుంటే పొరపాటే. ‘ఉందా లేదా’ తెలియాలా, ‘ఎంత ఉంది’ కావాలా, ‘ఎక్కడ ఉంది’ చూడాలా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఉందా లేదా అని గబగబా తేల్చాలంటే 2005లో వచ్చిన డార్టే నా ఎంపిక. పొడి, మాత్ర, స్వాబ్, ఏదైనా వేడి హీలియం ధారలో పెడితే చాలు. ఉత్తేజిత హీలియం పరమాణువు దగ్గర 19.8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. నీటి ఆవిరిని అయనీకరించడానికి 12.6 సరిపోతుంది. అలా పుట్టిన ప్రోటానిత (అదనపు ప్రోటాన్ చేరిన) నీటి గుంపులు తమ ప్రోటాన్‌ను శాంపిల్ అణువుకు ఇస్తాయి. హీలియం బదులు నైట్రోజన్ వాడితే ఖర్చు తగ్గుతుంది కానీ సిగ్నల్ చాలా పడిపోతుంది.

ఆర్‌డీఎక్స్ లాంటి పేలుడు పదార్థాలకు నెగటివ్ మోడ్ (రుణావేశ అయాన్లను చూసే అమరిక) పెట్టి, ధార పక్కన డైక్లోరోమీథేన్ ఆవిరి అందేలా చూడాలి. ఆర్‌డీఎక్స్ క్లోరైడ్‌తో జతకట్టి 257 ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి దగ్గర కనబడుతుంది. 259 దగ్గర దాదాపు మూడో వంతు ఎత్తులో ఇంకో శిఖరం ఉంటేనే అది క్లోరిన్ జత అని నమ్మాలి.

డార్ట్‌తో చిక్కు స్థానంతోనే. స్వాబ్ ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా సిగ్నల్ మారిపోతుంది. కాబట్టి చేత్తో పట్టుకోకుండా పట్టాల మీద నడిపే హోల్డర్ వాడాలి. ఆవిరి కాని లవణాలు, పెద్ద పెప్టైడ్‌లు దీనికి అందవు.

‘ఎంత’ కావాలంటే పేపర్ స్ప్రే. మొన తేలిన త్రికోణపు కాగితం మీద ఎండిన రక్తపు చుక్క, పైన పదీ ఇరవై మైక్రోలీటర్ల మిథనాల్, అందులో 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం, 3.5 నుంచి 4.5 కిలోవోల్టులు. మొనను మాస్ స్పెక్ట్రోమీటర్ ఇన్‌లెట్‌కు 3 నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో ఉంచాలి. మొనను కత్తెరతో కాక కొత్త బ్లేడుతో కోయాలి. పీచు లేస్తే స్ప్రే రెండు మూడుగా చీలుతుంది. వోల్టేజి మరీ పెంచితే కరోనా డిశ్చార్జి మొదలై నేపథ్య శబ్దమే మిగులుతుంది. రక్తంలోని లవణాలు సిగ్నల్‌ను అణిచేస్తాయి కనుక డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కలిగిన అంతర్గత ప్రమాణాన్ని (పోల్చి లెక్కకట్టడానికి తెలిసిన మోతాదులో కలిపే, కొలవాల్సిన మందు రూపాన్ని) రక్తపు చుక్క కాగితం మీద వేయకముందే రక్తంలో కలపాలి. ద్రావకంలో మాత్రమే కలిపితే కాగితం నుంచి మందు ఎంత బయటికొచ్చిందో దానికి తెలియదు.

‘ఎక్కడ’ అంటే 2004 నాటి డెసి. విద్యుదావేశ ద్రావకపు తుంపర ఉపరితలాన్ని తాకి అణువులను లేపుతుంది, కాబట్టి ఆకు మీదో కణజాలం మీదో చిత్రం గీయొచ్చు. వివరం మామూలుగా 100 నుంచి 200 మైక్రోమీటర్లు. స్ప్రే కోణం, దూరం, వాయు పీడనం అన్నీ కుదరాలి. నున్నని గాజు మీద చుక్క జారి చెదిరిపోతుంది, గరుకు టెఫ్లాన్ మేలు. బొమ్మ అవసరం లేకపోతే ఇంత శ్రమ ఎందుకు?

మూడింటికీ ఒకటే లోపం: క్రోమటోగ్రఫీ (కొలిచే ముందే పదార్థాలను వేరుచేసే దశ) లేదు. మెథాంఫెటమిన్ (మత్తుమందు), ఫెంటర్మిన్ (ఆకలి తగ్గించే మందు) రెండూ 150 దగ్గరే వస్తాయి. ముక్కలు చేస్తే మొదటిది 119, రెండోది 133 ఇస్తుంది కాబట్టి విడదీయొచ్చు. ఫ్లోరోఫెంటనిల్ (ఫెంటనిల్ తరహా మత్తుమందు) ఐసోమర్లకైతే (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న రూపాలకైతే) ముక్కలూ దాదాపు ఒకేలా ఉంటాయి, అక్కడ ఎల్‌సీ (ద్రవ క్రోమటోగ్రఫీ) తప్పదు.