ఫైబర్ కాంట్రాక్టర్ ఇన్సూరెన్స్: 49 వేలు కట్టాక తెలిసిన సంగతులు

మాది చిన్న టీం. హైదరాబాద్ శివార్లలో ఓఎఫ్‌సీ లైన్లు, అంటే ఇంటర్నెట్ ఫైబర్ కేబుళ్లు వేస్తాం. ఎనిమిది మంది కుర్రాళ్లు, ఫైబర్ తీగల్ని అతికించే ఒక స్ప్లైసింగ్ మెషిన్, లైను ఎక్కడ తెగిందో చూపే ఒక ఓటీడీఆర్, ఒక పాత బొలెరో. రోడ్డు కింద బోరింగ్ చేసే మెషిన్ మాత్రం అద్దెకే, దానితో పాటు వాళ్ల మనుషులు నలుగురు వస్తారు. పోయినేడు వర్క్ ఆర్డర్ చేతికి రావాలంటే ముందు లేబర్ పాలసీ (పనిలో కూలీలకి ఏదైనా అయితే పరిహారం కట్టే ఇన్సూరెన్స్) కాపీ పెట్టమన్నాడు మెయిన్ కాంట్రాక్టర్. అప్పటిదాకా బండి ఇన్సూరెన్స్ తప్ప ఇంకేదీ కట్టిన పాపాన పోలేదు నేను.

మొదట వచ్చిన ఏజెంట్ అన్నీ కలిపి 28 వేలకు కోట్ ఇచ్చాడు. నేను సంతకం పెట్టేసేవాణ్నే, మా ఆడిటర్ చూసి ఆపాడు. అందులో కుర్రాళ్ల జీతం నెలకు 9 వేలని రాసి ఉంది. నేనిచ్చేది 15 వేలు. 'తక్కువ చూపిస్తే ప్రీమియం తగ్గుతుంది సార్, అందరూ అంతే' అన్నాడు ఏజెంట్. రేపు ఎవరికైనా ఏమైనా అయితే లెక్క కట్టేది నిజంగా ఇచ్చే జీతం మీద, ఆ తేడా నా జేబులోంచి పోతుంది. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం ప్రకారం 30 ఏళ్ల మనిషి పనిలో చనిపోతే జీతంలో సగాన్ని 207.98తో హెచ్చించేవారు. 15 వేల జీతానికి అది 15,59,850 రూపాయలు. మా బొలెరో అమ్మినా, మెషిన్లు అమ్మినా అందులో సగం రాదు.

చివరికి వేరే చోట తీసుకున్నాను. లేబర్ పాలసీ 19,400, పని మొత్తానికి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ 16,200 (60 లక్షల పని విలువకి, బయటివాళ్లకి జరిగే నష్టం కూడా కలిపి), స్ప్లైసింగ్ మెషిన్‌కీ ఓటీడీఆర్‌కీ 6,100. పైన జీఎస్టీ 18 శాతం. మొత్తం 49,206. కట్టిన రోజు మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

లేబర్ పాలసీకి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. స్తంభం మీద డ్రాప్ వైరు (స్తంభం నుంచి ఇంటికి వెళ్లే తీగ) లాగుతూ మా వాడొకడు నిచ్చెన జారి కింద పడ్డాడు, మణికట్టు విరిగి ప్లేటు వేశారు, బిల్లు 68 వేలయింది. చాలా పాలసీల్లో ఆసుపత్రి ఖర్చు దానంతటది ఉండదు, విడిగా అడిగి పెట్టించుకోవాలి. నేను మనిషికి 50 వేల దాకా పెట్టించాను, నలభై రోజుల తర్వాత ఆ 50 వేలూ వచ్చాయి. బోరింగ్ మెషిన్‌తో వచ్చే నలుగురి పేర్లు కూడా అడిగి చేర్పించాను, ఎందుకంటే పాలసీలో 'సబ్ కాంట్రాక్టర్ లేబర్' అని ప్రత్యేకంగా రాసి లేకపోతే వాళ్లు మనకి లేనట్టే, కానీ చట్టం ముందు మాత్రం వాళ్ల బాధ్యత కూడా మన మీదకే వచ్చి పడుతుంది.

ఇక అసలు కథ ఆల్ రిస్క్ పాలసీది. ఒక రాత్రి బోరింగ్ చేస్తుంటే డ్రిల్ ఎక్కడో గట్టిగా తగిలి, ఒక్క నిమిషం ఆగి, తర్వాత సులువుగా లోపలికి పోయింది. ఆపరేటర్ ముఖం తెల్లబోయింది. గుంతలోంచి బురద కాదు, మంచినీళ్లు పొంగుతున్నాయి. తాగునీటి పైపు. మ్యాప్‌లో అది రోడ్డుకి అవతలి పక్కన ఉంది! తెల్లారేసరికి వీధి వీధంతా నీళ్లు, జనం తిట్లు, రిపేరు బిల్లు 1,86,000.

నష్టం లెక్కకట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి అడిగిన మొదటి ప్రశ్న: తవ్వే ముందు కింద ఏముందో ఎవర్నైనా అడిగారా, కాగితం ఉందా? పాలసీ వెనక చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది. భూమి కింది కేబుళ్లు, పైపులు ఎక్కడున్నాయో సంబంధిత శాఖల్ని ముందే అడిగి ఉంటేనే డబ్బులు ఇస్తారు. నా దగ్గర అడిగిన లెటరూ, 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన కాల్ బిఫోర్ యు డిగ్ యాప్‌లో పెట్టిన రిక్వెస్ట్ స్క్రీన్‌షాటూ ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ స్క్రీన్‌షాట్ నేను తీసింది కాదు, మా సూపర్‌వైజర్ అలవాటు కొద్దీ తీసి గ్రూప్‌లో పెట్టాడు. మ్యాప్‌లో ఉన్న చోటే పైపు ఉండుంటే నష్టంలో 20 శాతం నేను భరించాలి. మ్యాపే తప్పు కాబట్టి 25 వేలు కోసుకుని మిగతా 1,61,000 ఇచ్చారు. కానీ సెల్లార్‌లో కిరాణా సరుకు తడిసిన దుకాణదారుడికి మాత్రం ఇవ్వలేదు. పైపు రిపేరు ఖర్చు వరకే, దాని వల్ల జరిగిన నష్టం కాదట. ఆయనకి నేనే 38 వేలు కట్టుకున్నాను. కాబట్టి దీనికి మూడున్నర.

మెషిన్ల పాలసీ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. స్ప్లైసింగ్ మెషిన్ తడిగా ఉన్న కేబుల్ గుంతలో పడి 46 వేల రిపేరు వస్తే తరుగుదల, ఎక్సెస్ (మనమే భరించాల్సిన వాటా) అంటూ 29 వేలు చేతిలో పెట్టారు, అరిగిపోయే ఎలక్ట్రోడ్లకి అసలే లేదు. ఐదుకి రెండు. బండిలో వదిలేస్తే పోయినదానికి ఇవ్వరు, తాళం పగలగొట్టిన ఆనవాలు ఉండాలి. అందుకే మెషిన్ రాత్రిళ్లు మా బెడ్‌రూంలోనే ఉంటుంది.

వచ్చే నెల రెన్యువల్. క్లెయిమ్ తీసుకున్నానని ప్రీమియం పెంచారు, ఏజెంట్ ఏమో 'భూగర్భ క్లాజు (భూమి కింది పైపులు, కేబుళ్లకి డబ్బులిచ్చే భాగం) తీసేస్తే మూడు వేలు తగ్గిస్తాను సార్' అంటున్నాడు. క్లాజు ముట్టుకోవద్దు, కావాలంటే మెషిన్ల పాలసీ తీసెయ్యమన్నాను.