పెట్రోల్ లీకు పట్టే యూవీ డై కిట్: కడప ఎండల్లో చాన్నాళ్లు వాడాక

కారు పాతబడ్డాక పెట్రోల్ లీకు రావడం వింత కాదు. అది ఎక్కడ మొదలవుతోందో తేల్చడమే కష్టం. కడప ఎండకు పెట్రోల్ బొట్టు పడిన కాసేపటికే ఆరిపోతుంది. ఇంటి ముందు పరిచింది నల్లటి కడప బండలైతే తడి మరక కూడా కనబడదు. ఇక మిగిలేది వాసన. దాన్నే నమ్ముకుని ఒక్కో పైపూ మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, లీకు మాత్రం అలాగే ఉంటుంది. ఈ చిక్కుకు నాకు బాగా పనికొచ్చింది యూవీ డై కిట్, అంటే యూవీ (అతినీలలోహిత) వెలుగు పడితే మెరిసే రంగుతో లీకు పట్టే సరంజామా.

చిన్న సీసాలో నూనెలాంటి ద్రవం, ఒక యూవీ టార్చి, పసుపు కళ్లద్దాలు: కిట్‌లో ఉండేవి ఇవే. సీసా మీద రాసినంత డై ట్యాంకులో పోసి, బండి తిప్పి, రాత్రి చీకట్లో టార్చి వేసి చూడాలి. పెట్రోల్ ఆరిపోయినా డై అక్కడే ఉండిపోయి ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరుస్తుంది. ఏసీకీ కూలెంట్‌కీ వేరే డైలు ఉంటాయి, కొనేటప్పుడు పెట్రోల్‌ది అవునో కాదో చూసుకోండి.

మా కారులో ఫుల్ ట్యాంకు కొట్టించి గువ్వలచెరువు ఘాట్ ఎక్కితే వెనక సీట్లో పెట్రోల్ వాసన వచ్చేది. ట్యాంకు సగానికి దిగితే ఏమీ ఉండదు. ఒక షెడ్డులో ఇంజన్ దగ్గర పైపు మార్చారు. ఇంకోచోట "ఎండకు అట్లే ఉంటాదిలేన్నా" అన్నారు. నిజానికి సగం జవాబు ఆ లక్షణంలోనే ఉంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే వాసన వస్తే ముందు పైభాగాన్ని అనుమానించాలి: ట్యాంకులో పెట్రోల్ పంపు కూర్చునే చోట ఉండే సీలు, పెట్రోల్ పోసే మూతి నుంచి ట్యాంకుకు దిగే లావు హోస్, దాని పక్కన ఉండే గాలి పైపు. ఇంజన్ నడిచేటప్పుడే వస్తే ప్రెషర్ లైన్, అంటే పంపు ఒత్తిడితో పెట్రోల్‌ను ఇంజన్‌కు పంపే పైపు, చూడాలి. ఇంజక్షన్ కార్లలో ఆ లైన్‌లో ప్రెషర్ సుమారు 3 బార్, కొన్నిట్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. బండి ఆపి ప్రెషర్ దిగిపోయాక చెమ్మ కూడా ఆగిపోవచ్చు, అందుకే షెడ్డుకు తీసుకెళ్లేసరికి ఏమీ కనబడదు.

డై పోసి, మళ్లీ ఘాట్ ఎక్కి దిగొచ్చి చూశాం. వెనక సీటు కింది మూత తీస్తే పంపు సీలు శుభ్రంగా ఉంది. వెనక చక్రం లోపలివైపు మాత్రం లావు హోస్ మీద, సరిగ్గా దాన్ని బిగించే క్లాంపు అంచున, సన్నటి గీత వెలిగింది. క్లాంపు విప్పితే దాని కింద రబ్బరు పగిలి ఉంది. హోస్, క్లాంపు రెండూ మార్చాక వాసన మళ్లీ రాలేదు.

బండి పరుగెత్తేటప్పుడు గాలికి డై వెనక్కి పాకుతుంది. కాబట్టి బాగా మెరిసే చోట ఆగిపోకుండా, అన్నిటికన్నా పైన, ముందు ఉన్న మెరుపును వెతకాలి. రిపేరు తర్వాత పాత జాడ తుడవకపోతే తర్వాతి పరీక్షలో అయోమయమే.

కిట్‌తో వచ్చిన టార్చి నాకు నచ్చలేదు. అది 395 నానోమీటర్లది, ఊదా వెలుగే ఎక్కువ. విడిగా కొన్న 365 నానోమీటర్ల టార్చిలో జాడ స్పష్టంగా తేలింది. ఇంకో పరిమితి, పెట్రోల్ పోసే మూత వాషర్ నుంచో, ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే క్యానిస్టర్ డబ్బా నుంచో ఆవిరి మాత్రమే పోతుంటే డై ఏమీ చూపించదు. దానికి పొగ పంపి చూసే మిషను ఉన్న షెడ్డుకే వెళ్లాలి.

ఒక్క విషయం గట్టిగా చెప్తాను. బొట్లు బొట్లుగా కారుతుంటే కిట్ జోలికి పోవద్దు. బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలమట్టంగా పేరుకుంటుంది. మూసిన గ్యారేజీలో, అగ్గిపుల్లో వేడెక్కే బల్బో పట్టుకుని వెతకడం ప్రాణాల మీదికి తెస్తుంది. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి దూరకండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్. కొత్త పైపు దానికి తట్టుకునేదో కాదో అడిగి తీసుకోండి. మీటరు లెక్కన అమ్మే మామూలు రబ్బరు పైపు చవకని వేయించకండి.

డీజిల్ బండికి మాత్రం ఈ కిట్ అవసరం నాకు పెద్దగా పడలేదు. డీజిల్ అంత తొందరగా ఆరదు, దుమ్ము అంటుకుని నల్లగా కనబడుతుంది. మా బావ ట్రాక్టరు పొద్దున్నే స్టార్ట్ కాక సతాయించింది, కింద ఒక్క చుక్కా లేదు. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు జాయింటులో గాలి పీల్చుకుంటోంది. అక్కడ కాసేపు పారదర్శకమైన పైపు ముక్క బిగిస్తే బుడగలు కనిపించాయి.