చైన్ పుల్లీనా, లివర్ హాయిస్టా: చేత్తో బరువు లేపడానికి ఏది మేలు?

ఒక టన్ను మోటారును ఫౌండేషన్ మీద నుంచి లేపాలి. కరెంటు హాయిస్ట్ లేదు. స్టోరులో గోడకి రెండు వేలాడుతున్నాయి: ఒక చైన్ పుల్లీ, ఒక లివర్ హాయిస్ట్. రెండింటి మీదా 1 టన్ను అనే రాసి ఉంది. ఎక్కువమంది మోయడానికి తేలిగ్గా ఉందని లివర్ హాయిస్ట్‌నే భుజాన వేసుకుని వెళ్ళిపోతారు. నేనూ కొన్నాళ్ళు అలాగే చేశాను.

రెండింటి కెపాసిటీ ఒకటే అయినప్పుడు నేను ముందు చూసేది, లోడ్ లేస్తున్నంతసేపూ నేను ఎక్కడ నిలబడాలి అన్నది. చైన్ పుల్లీ పైన బీముకి ఉంటుంది, చేతి గొలుసు కిందదాకా వేలాడుతుంది. నేల మీద నిలబడి, లోడ్‌కి రెండడుగులు పక్కకి జరిగి, కళ్ళు లోడ్ మీదే ఉంచి లాగొచ్చు. లివర్ హాయిస్ట్‌కి చేతి గొలుసు లేదు, పిడి దాని ఒంటికే ఉంటుంది. అది పైన ఉంటే మనమూ పైకెక్కాలి. నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పిడి ఆడిస్తూ, లోడ్ పక్కనే. ఏదైనా జారితే తప్పుకోవడానికి చోటుండదు. అందుకే తిన్నగా పైకి లేపే పని అయితే నా ఓటు చైన్ పుల్లీకే.

దాని లోపల ఉన్న బ్రేక్ నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు. వేలాడే బరువే బ్రేక్ ప్లేట్లని ఒకదానికొకటి అదిమి పడుతుంది. బరువు పెరిగేకొద్దీ పట్టు బిగుస్తుంది. చేతి గొలుసు వదిలేసినా లోడ్ అక్కడే ఆగుతుంది. లేపుతున్నప్పుడు టక్ టక్ టక్ అని వినిపించేది రాచెట్ (నాలుక అడ్డుపడి ఒక వైపే తిరగనిచ్చే పళ్ళ చక్రం) పళ్ళ మీద ఆ నాలుక పడే చప్పుడు. దించేటప్పుడు ఆ చప్పుడు ఉండదు, అది మామూలే. లేపేటప్పుడు కూడా రాకపోతే మాత్రం ఆపేయండి. నాలుక జిడ్డుకి అతుక్కుపోయి ఉండొచ్చు, స్ప్రింగ్ విరిగి ఉండొచ్చు. ఓసారి ఒక కుర్రాడు శ్రద్ధగా హాయిస్ట్ మొత్తానికి గ్రీజు పూశాడు, బ్రేక్ ప్లేట్లతో సహా. లోడ్ చైన్‌కి, అంటే బరువు మోసే గొలుసుకి, నూనె కావాలి, పొడి బ్రేక్‌కి అది విషం. ట్రయల్‌లో నేల నుంచి జానెడు లేపి ఆపగానే లోడ్ మెల్లగా కిందికి దిగిపోవడం చూశాం కాబట్టి సరిపోయింది. ఏ హాయిస్ట్ అయినా ఈ జానెడు పరీక్ష మానొద్దు: కొంచెం లేపండి, ఆపండి, కాసేపు చూడండి, తర్వాతే మిగతాది.

చైన్ పుల్లీ లోపం నిదానం. 1 టన్నుకి చేతి మీద పడే లాగుడు సుమారు 30 కిలోలే, కానీ లోడ్ ఒక మీటరు లేవాలంటే పదుల మీటర్ల గొలుసు లాగాలి. చిరాకేసి ఇద్దరు కలిసి లాగుతుంటారు. ఒక మనిషి లాగేలా చేసిన హాయిస్ట్‌ని ఒక్కరితో కదపలేకపోతున్నామంటే లోడ్ ఎక్కువైనట్టు, లేదా ఎక్కడో బోల్టు విప్పడం మర్చిపోయినట్టు. ఇంకొకరిని పిలిచే ముందు కిందకి వంగి ఆ బోల్టు వెతకండి.

రెండో లోపం, అడ్డంగా లాగడానికి ఇది పనికిరాదు. పక్కకి గుంజితే చేతి గొలుసు చక్రం మీద నుంచి తప్పుతుంది, లోడ్ చైన్ గాడిలో సరిగ్గా కూర్చోదు. లివర్ హాయిస్ట్ ఇక్కడ గెలుస్తుంది. నిలువు, అడ్డం, ఏటవాలు, ఎటైనా లాగుతుంది. రెండు పైపు ఫ్లాంజీల (పైపు చివర బోల్టులు బిగించే చక్రం లాంటి అంచుల) మధ్య వేలెడు సందుంటే పిడి కొంచెం కొంచెంగా ఆడిస్తూ బోల్టు రంధ్రాలు కలిసేదాకా తేవొచ్చు. ఇరుకు చోట్ల దీనికి సాటి లేదు.

అయితే దీన్ని వాడే చేతికి జాగ్రత్త ఎక్కువ కావాలి. పిడి మీద ఒక సెలెక్టర్ ఉంటుంది: పైకి, కిందికి, మధ్యలో న్యూట్రల్. న్యూట్రల్‌లో పెట్టి నాబ్ వదులు చేస్తే గొలుసు చేత్తో సరసరా లాగొచ్చు. అది ఖాళీ హుక్‌ని లోడ్ దాకా తెచ్చుకోవడానికి మాత్రమే. లోడ్ ఉండగా ఆ జోలికి పోకూడదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: ఇందులోనూ బరువే బ్రేక్‌ని బిగిస్తుంది కాబట్టి, మరీ తేలిక బరువుకి పట్టు సరిగ్గా దొరకకపోవచ్చు. యంత్రం మీది చిన్న మూత లేపడానికి పెద్ద లివర్ హాయిస్ట్ తగిలించి, పెద్దదే కదా మంచిది అనుకోవడం అందుకే పొరపాటు. దాని అతి తక్కువ లోడ్ ఎంతో కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి.

ఇక పిడికి పైపు తొడగడం. ఇది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పిడి పొడవు ఊరికే పెట్టలేదు. మామూలు మనిషి చేతి బలంతో హాయిస్ట్ హద్దు దాటకుండా ఉండేలా లెక్క వేసి పెట్టింది. పైపు తొడిగితే ఆ లెక్క పోయినట్టే. పైగా పిడి వెనక్కి కొడితే దవడకి తగిలేది ఆ పైపే.

దూరం ఎక్కువైతే ఈ రెండూ చాలవు, టిర్ఫర్ తేవాలి. అది గొలుసు బదులు వైరు రోప్‌తో లాగే చేతి యంత్రం. లోపల రెండు దవడలు వైరు రోప్‌ని మార్చి మార్చి పట్టుకుని లాగుతాయి కాబట్టి రోప్ ఎంత పొడవైనా ఫర్వాలేదు. లోడ్ మితిమీరితే, ముందుగా తెగడానికే పెట్టిన షియర్ పిన్ తెగి మనల్ని హెచ్చరిస్తుంది. తెగిన పిన్ బదులు మేకు కొట్టిన మహానుభావుల్ని చూశాను. రోప్ బిగువు మీద ఉండగా దవడలు తెరిచే రిలీజ్ లివర్ ముట్టుకోకపోతే చాలు, మంచి యంత్రమే. కానీ వర్క్‌షాప్ లోపల ఒకటి రెండు మీటర్ల పనికి అది అనవసరం.

ఏది తీసుకున్నా, పైన కట్టే బీమూ కింద కట్టే స్లింగూ (బరువుకి కట్టి హుక్‌కి తగిలించే పట్టీ లేదా తాడు) హాయిస్ట్ అంత గట్టివి కావాలి. రెండు కాళ్ళ స్లింగ్‌లో 1 టన్ను వేలాడదీస్తే, కాళ్ళు నేలతో 60 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు ఒక్కో కాలి మీద సుమారు 577 కిలోలు పడుతుంది. 30 డిగ్రీలకి వాలితే ఒక్కో కాలే మొత్తం 1 టన్ను మోయాలి. స్లింగ్ లేదని లోడ్ చైన్‌నే మోటారుకి చుట్టి హుక్ తగిలించొద్దు. హుక్ నోరు సాగి వెడల్పయినా, ఆ నోటికి అడ్డంగా ఉండే లాచ్ మూసుకోకపోయినా ఆ హాయిస్ట్‌ని పక్కన పెట్టేయాలి. రెండు వరసల గొలుసు ఉన్న పెద్ద హాయిస్ట్‌లలో ఇంకొకటి చూడాలి. మోసుకొచ్చేటప్పుడు కింది హుక్ గొలుసు మధ్యలోంచి పల్టీ కొట్టి ఉంటుంది. దూరం నుంచి బాగానే కనిపిస్తుంది. దగ్గరకెళ్ళి గొలుసుని పై నుంచి కిందికి కళ్ళతో తడిమితే లింకులు మెలి తిరిగి కనిపిస్తాయి. ఆ మెలికతో లేపితే గొలుసు గాడిలో ఇరుక్కుంటుంది, తెగనూ వచ్చు.

మళ్ళీ ఆ మోటారు దగ్గరికి వస్తే, నేనైతే రెండూ తెస్తాను. చైన్ పుల్లీ బరువు మోస్తుంది, లివర్ హాయిస్ట్ పక్కకి జరుపుతుంది. కాకపోతే పక్కకి లాగేకొద్దీ చైన్ పుల్లీ మీద కూడా లోడ్ పెరుగుతుంది. అందుకే 1 టన్ను మోటారుకి 2 టన్నుల పుల్లీ కడతాను, పై హుక్ లాగుడు వైపు స్వేచ్ఛగా వాలేలా చూస్తాను. ఒక హాయిస్ట్ నుంచి ఇంకోదానికి బరువు మార్చాల్సి వస్తే చెరి సగం అనుకోను, రెండూ మొత్తం బరువు మోయగలవిగానే తెస్తాను. తిరిగి పెట్టేటప్పుడు ఫౌండేషన్ బోల్టుల మీదకి మోటారు వచ్చాక రంధ్రాలు కలిశాయో లేదో చూడటానికి కింద వేలు పెట్టను, ఒక సన్నటి కడ్డీ పెట్టి చూస్తాను.