బరంపురం నాణేల సంఘంలో సభ్యత్వం: చేరాలా, వద్దా?

ఒడిశాలోని బరంపురంలో నాణేలు, తపాలా బిళ్ళలు సేకరించేవాళ్ల సంఘంలో నేను చాలా ఏళ్లుగా సభ్యుణ్ణి. చేరితే లాభమేమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. లాభం కోసమైతే రావద్దు. అక్కడ కొన్నది అక్కడే అమ్మితే అసలు కూడా చేతికి రాదు. వస్తువును చూడటం నేర్చుకోవాలంటే మాత్రం ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల నాకు కనిపించలేదు.

నెలకో ఆదివారం కలుస్తాం. తెలుగులో మొదలైన మాట ఒడియాలో ముగుస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎవరైనా ఒకప్పుడు కళింగను ఏలిన తూర్పు గాంగుల బంగారు ఫణం తెచ్చారంటే ఆ రోజు ఇక వేరే ముచ్చట ఉండదు. కందిబద్దంత నాణెం, బరువు అర గ్రాముకు లోపే. ఒకవైపు పడుకున్న నంది. రెండోవైపు ‘స’ అక్షరం, అంకుశం, రాజుగారి పాలనా సంవత్సరం. ఆ అంకెలు తెలుగు–కన్నడ పద్ధతిలో ఉంటాయి కాబట్టి ఒడియా మిత్రులు భూతద్దం మన చేతికే ఇస్తారు. సంవత్సరాలను లెక్కపెట్టే అంక పద్ధతి కూడా తమాషాగా ఉంటుంది. ఒకటి ఉండదు, ఆరు ఉండదు. ఆరుతోనూ సున్నతోనూ ముగిసే సంఖ్యలు వదిలేస్తారు, పదికి మాత్రం మినహాయింపు. అంటే ఏడో అంకం రాజుగారికి నిజంగా అయిదో ఏడు.

మా మాస్టారు ఒకరున్నారు. ఏ నాణెమైనా ముందు కాంటాలో పెట్టనిదే నోరు విప్పరు. తర్వాత అంచు చూస్తారు. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద చిన్న చిన్న గుంతలు కనిపిస్తాయి. ‘అక్షరం సంగతి తర్వాత చూద్దాం బాబూ, ముందు అంచు చూడు’ అంటారు. నా చందా డబ్బులన్నీ ఆ ఒక్క పాఠానికే చెల్లిపోయాయి.

పొలంలో దొరికిందంటూ ఎవరైనా తెస్తే దాన్ని బల్ల మీద పెట్టనివ్వరు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలు దాటిన విలువైన వస్తువు గురించి కలెక్టరుకు తెలియజేయాల్సిందే. ఈ కట్టుబాటు నాకు నచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. వార్షిక ప్రదర్శనలో జరిగే వేలం అందులో మొదటిది. మన నాణెం మీద సంవత్సరం కింద చుక్క ఉంటే నోయిడా, నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం గుర్తు ఉంటే ముంబయి, ఏమీ లేకపోతే కోల్‌కతా టంకశాల. ఈ పాటి సంగతి తెలియని పిల్లలకు గుర్తు లేని నాణేన్ని ‘అరుదైనది’ అని అంటగట్టేవాళ్లు ఆ వేలంలో తిరుగుతుంటారు. పెద్దలు చూసి కూడా ఊరుకుంటారు. సంఘం దుకాణంలో అమ్మే మెత్తని పీవీసీ తొడుగులు మరీ అన్యాయం. మన సముద్రపు తేమకు రెండు వానాకాలాలు గడిస్తే రాగి నాణెం మీద ఆకుపచ్చని జిగురు తేలుతుంది. మైలార్ అనే పాలిస్టర్ తొడుగులు బయట కొనుక్కోండి. ఆ జిగురు అసిటోన్‌తో పోతుంది. చింతపండుతో తోమారంటే మాత్రం నాణెం పైపొరతో పాటు దాని విలువా పోయినట్టే.

తపాలా బిళ్ళలవాళ్లు మా దగ్గర తక్కువ. ఉన్నవాళ్లలో పాత కవర్ల పిచ్చివాళ్లే ఎక్కువ. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి, అంతకు ముందరి గంజాం తపాలా ముద్రలకు వీళ్లు ప్రాణమిస్తారు. బెంగాల్లో ఇంచుమించు ఇదే పేరుతో ఇంకో ఊరుంది. కవరు కొనే ముందు ముద్రలో గంజాం అని ఉందో లేదో చూసుకోవాలి.

చేరితే పదింతల భూతద్దం ఎవరికి వారు తెచ్చుకోవాలి. సంఘానికున్న ఒక్కటీ గీతలు పడిపోయింది. కొత్తది కొనాలన్న తీర్మానం మాత్రం ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ ఏకగ్రీవంగా ఆమోదం పొందుతూనే ఉంది.